కోసిన కొమ్మ, తెల్లని కాగితం: కోరమాండల్ నీటిరంగుల పుష్పచిత్రాలలో స్వభావోక్తి

ప్రవేశిక

తెలుగు కావ్యాలలో పూలకు కొదవ లేదు. ప్రబంధంలోని అష్టాదశ వర్ణనలలో ఉద్యానవర్ణన ఒకటి. పుష్పాపచయం దానికి అంగంగా వస్తుంది. నంది తిమ్మన పారిజాతాపహరణంలో ఒక్క పువ్వు కావ్యకథ మొత్తాన్ని నడిపిస్తుంది. రామరాజభూషణుని వసుచరిత్రలో తుమ్మెద వాలని సంపెంగ తపస్సు చేసి నాయిక నాసికగా పుడుతుంది. ఈ వర్ణనల గురించి తెలుగులో విస్తృతంగానే పరిశోధన జరిగింది. అదే నేలమీద పూసిన పూలను 18వ శతాబ్ది చివరి దశాబ్దం నుండి 19వ శతాబ్ది నడిమి వరకు నీటిరంగులతో కాగితం మీద నిలిపిన చిత్రకారుల కృషి మాత్రం సాహిత్య విమర్శ పరిధిలోకి రావలసినంతగా రాలేదు. వృక్షశాస్త్రజ్ఞులు వాటిని ఆధారపత్రాలుగా చూశారు. చిత్రకళా చరిత్రకారులు ‘కంపెనీ శైలి’ అనే శీర్షిక కింద చేర్చారు. మొదటివారికి కావలసింది సమాచారం, రెండోవారికి కావలసింది శైలి. ఆ కాగితం మీద పువ్వు ఎలా ‘చెప్పబడింది’ అన్న ప్రశ్న ఈ రెండింటి నడుమ మిగిలిపోయింది.

ఆ ప్రశ్నను భారతీయ అలంకారశాస్త్రంలోని స్వభావోక్తి చర్చ వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ప్రారంభించి కలకత్తాలో కొనసాగించిన చిత్రసంపుటి, రాబర్ట్ వైట్ కోసం రంగయ్య, గోవిందు గీసిన చిత్రాలు ఇక్కడ ప్రధాన సామగ్రి. ఇవి వట్టి సమాచార పత్రాలు కావనీ, ఉన్నదాన్ని ఉన్నట్లు చూపడానికి చిత్రకారుడు చేసిన ఎంపికలలోనే వీటి కళ ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అలాగని వీటన్నింటినీ ఒకే గాటన కట్టి మెచ్చుకోవడం దీని ఉద్దేశం కాదు.

నిశ్చల చిత్రం: పేరులోని సమస్య

పూలు, పండ్లు, పాత్రలు వంటి కదలని వస్తువులను చిత్రించే పద్ధతిని ఇంగ్లీషులో ‘స్టిల్ లైఫ్’ అంటారు. తెలుగులో దీనికి ‘నిశ్చల చిత్రం’ అనే మాట వాడుకలో ఉంది. దీన్నే ఫ్రెంచివారు ‘నాత్యూర్ మోర్త్’ అన్నారు, అనగా మృతప్రకృతి. ఇంగ్లీషు పేరులో జీవం నిలిచి ఉంది. ఫ్రెంచి పేరులో జీవం పోయింది. కోసిన పువ్వు విషయంలో ఈ భేదం కేవలం మాటలది కాదు. చెట్టునుండి వేరు చేసిన పువ్వు బతికి ఉన్నట్టా, చనిపోయినట్టా? కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ చదివిన తెలుగు పాఠకునికి ఈ ప్రశ్న కొత్తది కాదు. అక్కడ కోయడానికి వచ్చిన చేతిని పువ్వే నిలదీస్తుంది.

17, 18 శతాబ్దాల డచ్చి చిత్రకారులు ఈ ప్రశ్నకు ఒక సమాధానం చెప్పారు. యాన్ వాన్ హైసమ్ వంటివారు వేర్వేరు ఋతువులలో పూసే పూలను ఒకే పాత్రలో అమర్చి చిత్రించారు. అలాంటి పుష్పగుచ్ఛం ఏ రోజునా, ఏ ఇంటిలోనూ ఉండడానికి వీలులేదు. ఈ కోవకు చెందిన చిత్రాలలో రాలిన రేకు, వాలిన ఈగ, పురుగు తొలిచిన ఆకు వంటివి సౌందర్యం అనిత్యమన్న సూచనను మోస్తాయి.

19వ శతాబ్దిలో ఇంగ్లండులో నీటిరంగుల చిత్రణ ప్రత్యేక కళగా స్థిరపడింది. 1804లో నీటిరంగుల చిత్రకారులకు ప్రత్యేకంగా ఒక సంఘం ఏర్పడింది. ఆ సంఘంలో పేరుపొందిన విలియం హెన్రీ హంట్ (1790–1864) పిట్టగూళ్ళను, ప్రిమ్‌రోజ్ పూలను ఎంత తరచుగా చిత్రించాడంటే ఆయనకు ‘పిట్టగూటి హంట్’ అన్న పేరే స్థిరపడింది. జాన్ రస్కిన్ ఆయన్ను ఎంతగానో మెచ్చుకున్నాడు. హంట్ ముందు చిక్కని తెల్లరంగు పూసి, అది ఆరిన తరువాత దానిమీద స్వచ్ఛమైన రంగులను సన్నని పోటులుగా వేసేవాడు. ‘చైనీస్ వైట్’ పేరుతో 1834లో మార్కెట్టుకు వచ్చిన జింకు తెలుపు ఈ పద్ధతికి అనుకూలించింది. ఆయన పూల వెనుక నాచు పట్టిన గట్టు ఉంటుంది, తడి ఉంటుంది, నీడ ఉంటుంది. చూసేవాడు ఆ గట్టు పక్కన వంగి కూర్చున్న భావన కలుగుతుంది.

హంట్ గట్టుమీది పూలను చిత్రిస్తున్న కాలంలోనే మద్రాసు రాజధానిలో రంగయ్య దక్షిణాది మొక్కలను చిత్రిస్తున్నాడు. ఆయన కాగితం మీద గట్టు లేదు, నీడ లేదు, పాత్ర లేదు, బల్ల లేదు. కొమ్మ చుట్టూ తెల్లని కాగితం మాత్రమే ఉంది. హంట్‌కు తెలుపు అంటే పూసిన రంగు. రంగయ్యకు అది పూయకుండా విడిచిన చోటు. ఈ విడిచిన చోటును అర్థం చేసుకోవడమే ఈ చిత్రాలను చదవడంలో మొదటి మెట్టు.

సామర్లకోట నుండి మద్రాసు వరకు

స్కాట్లండుకు చెందిన విలియం రాక్స్‌బర్గ్ (1751–1815) 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా మద్రాసు చేరాడు. 1780లలో ఉత్తర సర్కారులలోని సామర్లకోటలో ఉంటూ అక్కడ ఒక ప్రయోగవనాన్ని పెంచాడు. మిరియం, నీలి, చెరకు, కాఫీ వంటి పంటలు ఆ నేలకు అనువవుతాయా అని పరీక్షించాడు. లిన్నేయస్ శిష్యుడైన కోనిగ్ సాహచర్యం ఆయనకు వృక్షశాస్త్రంలో మార్గం చూపింది. 1790 ప్రాంతం నుండి స్థానిక చిత్రకారులను నియమించి మొక్కల చిత్రాలు గీయించాడు. ఆ చిత్రాలను లండనులోని కంపెనీ డైరెక్టర్లకు పంపగా, వాటిలో 300 చిత్రాలను జోసెఫ్ బ్యాంక్స్ ఎంపిక చేశాడు. అవి ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ అన్న పేరుతో 1795–1820 మధ్య మూడు సంపుటాలుగా వెలువడ్డాయి. 1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్ళాడు. చిత్రరచన అక్కడా కొనసాగి, ఆయన హయాంలో చిత్రాల సంఖ్య 2500 దాటింది.

రెండో ఘట్టం రాబర్ట్ వైట్‌ది (1796–1872). 1819లో కంపెనీ వైద్యుడుగా వచ్చిన వైట్ 1853 వరకు దక్షిణ భారతంలో పనిచేశాడు. 1820ల నడుమనుండి రంగయ్య ఆయనకు చిత్రకారుడు. 1840ల నడుమనుండి గోవిందు ఆ పనిని కొనసాగించాడు. 1838–1853 మధ్య వెలువడిన ‘ఐకోనెస్ ప్లాంటారమ్ ఇండియే ఓరియెంటాలిస్’ అనే గ్రంథంలో రెండువేలకు పైగా ఫలకాలు ఉన్నాయి. ఇవి మద్రాసులోనే రాతి అచ్చు మీద తయారయ్యాయి. మూలచిత్రాలలో అధికభాగం నేడు ఎడింబరో రాజకీయ వృక్షోద్యానంలో ఉంది. హెన్రీ నోల్టీ పరిశోధనల వల్ల రంగయ్య, గోవిందుల కృషి ఇటీవలి దశాబ్దాలలో వెలుగులోకి వచ్చింది.

ఈ చిత్రకారులు ఎవరి కోసం, ఏ పద్ధతిలో గీశారన్నది ముఖ్యం. దేశీయ చిత్రకళలో జిగురు కలిపిన చిక్కని రంగుల వాడుక ప్రధానం. యూరపు నీటిరంగుల పద్ధతిలో కాగితం తెలుపు కనిపించేంత పలుచగా రంగు పొరలు వేస్తారు. కంపెనీ వైద్యులు అడిగింది రెండోది. చిత్రకారుల చేతిలో మొదటిది అప్పటికే ఉంది. ఫలితంగా ఈ చిత్రాలలో ఆకు ఈనెలు దేశీయ సూక్ష్మచిత్రంలోని పట్టుదలతోనూ, రేకుల వర్ణం యూరపు పలుచదనంతోనూ కనిపిస్తాయి. ఇది రెండు శిక్షణలు ఒకే కుంచెలో కలిసిన స్థితి. దీన్ని దేశీయ కళ పతనమనో, పాశ్చాత్య కళకు నకలనో తీసివేయడం తొందరపాటు అవుతుంది.

మోదుగ: ఒక పఠనం

కోరమాండల్ గ్రంథం మొదటి సంపుటంలో మోదుగ ఉంది. రాక్స్‌బర్గ్ దీనికి బ్యూటియా ఫ్రాండోసా అన్న పేరు వాడాడు. నేటి శాస్త్రనామం బ్యూటియా మోనోస్పెర్మా. ‘బ్యూటియా’ అనేది బ్యూట్ ప్రభువు పేరు మీద ఏర్పడింది. ‘మోనోస్పెర్మా’ అంటే ఒకే విత్తు గలది. కాయ కొసన ఒక్క విత్తు మాత్రమే ఉండడం దీనికి కారణం.

ఈ చెట్టును సంస్కృతకవులు పలాశమనీ, కింశుకమనీ పిలిచారు. ‘ఇది చిలుకా ఏమి?’ అన్న ప్రశ్నలోనుండి కింశుక శబ్దం పుట్టిందని సంప్రదాయ వ్యుత్పత్తి. పువ్వు దోనె వంకరగా చిలుక ముక్కులా ఉంటుంది. రూపం ఘనంగా ఉండి వాసన లేకపోవడం వల్ల విద్యలేని రూపవంతునికి ఈ పువ్వును పోల్చడం సుభాషిత సంప్రదాయం. వసంతవర్ణనలో మోదుగ కవికి విరహాగ్నిగా, అడవికి పట్టిన మంటగా, మన్మథుని గోటిగా కనబడుతుంది. అంటే కావ్యంలో మోదుగ ఎప్పుడూ మరొకటే. చిలుకో, నిప్పో, గోరో, గుణహీనుడో అవుతుంది. మోదుగగా మోదుగ కావ్యంలో నిలిచే సందర్భాలు అరుదు.

చిత్రంలో పరిస్థితి వేరు. ఈ సంప్రదాయంలోని ఫలకాల సాధారణ విన్యాసమే మోదుగకూ వర్తిస్తుంది. పూలగుత్తి ప్రధాన స్థానంలో ఉంటుంది. మూడు పత్రకాల ఆకు దాని సరసన చేరుతుంది. పువ్వును విప్పి వేరుచేసిన భాగాలు, కాయ విడివిడిగా చోటు చేసుకుంటాయి. పుష్పకోశం ముదురు వన్నెలోని మెత్తదనం, దానినుండి వెలువడే నారింజ ఎరుపు, దోనె వంపు అన్నీ వేటికవిగా తెలుస్తాయి. చిలుక ముక్కు అని చెప్పే అవసరం చిత్రకారునికి లేదు. వంపు సరిగా కుదిరితే చిలుక చూసేవాని మనసులోనే వాలుతుంది. కవిసమయం చిత్రంలోనుండి తొలగిపోయి ప్రేక్షకుని సంస్కారంలో మిగులుతుంది.

ఇంతకన్నా గమనించవలసింది కాలం విషయం. మోదుగ మాఘ ఫాల్గుణాలలో ఆకు రాల్చి పూస్తుంది. విస్తళ్ళు కుట్టడానికి పనికివచ్చే నిండు ఆకు తరువాత వస్తుంది. కాయ వేసవిలో ముదురుతుంది. పువ్వు, నిండు ఆకు, ముదిరిన కాయ ఒకే చోట కనిపించే రోజు అడవిలో లేదు. అది కాగితం మీదే సాధ్యం. ఉన్నది ఉన్నట్లు గీసిందని చెప్పుకునే చిత్రం, ప్రకృతిలో ఎన్నడూ లేని దృశ్యాన్ని చూపుతున్నది.

ఇక్కడ వాన్ హైసమ్ పూలపాత్రకూ సామర్లకోట మోదుగకూ అనుకోని బంధుత్వం కనబడుతుంది. రెండూ ఋతువులను కలిపివేశాయి. కాని డచ్చి చిత్రకారుడు పలు మొక్కల ఋతువులను ఒక పాత్రలో చేర్చి సమృద్ధిని, ఆ సమృద్ధి అనిత్యతను సూచించాడు. తెలుగునాట చిత్రకారుడు ఒకే మొక్క జీవితంలోని పలు దశలను ఒక పుటలో చేర్చాడు. మొదటిది సభ, రెండోది చరిత్ర. నిశ్చల చిత్రమని పేరు పెట్టవలసివస్తే, ఈ నిశ్చలత లోపల ఏడాది కాలం నడుస్తూ ఉందని చెప్పాలి.

వార్తా? స్వభావోక్తా?

ఇక్కడ ప్రధాన ఆక్షేపణను ఎదుర్కోవాలి. ఈ చిత్రాలు కొలిచి గీసినవి. వైద్యుడు చెప్పినట్లు, శాస్త్రం అడిగినట్లు తయారైనవి. వీటిలో కళ ఎక్కడిది? ఈ ప్రశ్న చిత్రాలకు కొత్తగా కనబడవచ్చు గాని అలంకారశాస్త్రానికి పాతదే.

సూర్యుడు అస్తమించాడు, చంద్రుడు వెలుగుతున్నాడు, పక్షులు గూళ్ళకు చేరుతున్నాయి అన్న తరహా వాక్యాలను చూపి, ఇది కావ్యమా అని భామహుడు అడుగుతాడు. అటువంటిదాన్ని ‘వార్త’ అంటారని తేల్చుతాడు. స్వభావోక్తిని కొందరు అలంకారమంటారని ముక్తసరిగా చెప్పి ఊరుకుంటాడు. దండి దృష్టి వేరు. ఆయన స్వభావోక్తిని అలంకారాలలో మొదటిదిగా నిలిపాడు, దానికే ‘జాతి’ అని మరో పేరు చెప్పాడు. కుంతకుడు దీన్ని గట్టిగా ఖండించాడు. వస్తుస్వభావం అలంకార్యం, అంటే అలంకరించబడవలసిన శరీరం. శరీరమే అలంకారమైతే అది దేన్ని అలంకరిస్తుంది? ఎవడూ తన భుజం మీద తానెక్కలేడన్నది ఆయన వాదసారం. మహిమభట్టు ఈ చిక్కును మరో విధంగా విప్పాడు. వస్తువుకు రెండు రూపాలున్నాయి. ఒకటి అందరి మాటలకూ అందే సామాన్యరూపం. రెండోది ప్రతిభ గల కవి దృష్టికి మాత్రమే అందే విశిష్టరూపం. ఆ రెండోదాన్ని పట్టుకున్నప్పుడే స్వభావోక్తి సిద్ధిస్తుంది.

ఈ చర్చను పుష్పచిత్రాలకు అన్వయిస్తే ఒక వైరుధ్యం బయటపడుతుంది. వృక్షశాస్త్రానికి కావలసింది సామాన్యరూపం. మోదుగజాతి అంతటికీ ప్రతినిధిగా నిలిచే మోదుగ దానికి కావాలి. ఒక ప్రత్యేకమైన చెట్టు గాయాలతో, వంకరలతో దానికి పని లేదు. మహిమభట్టు ప్రకారం సామాన్యరూపాన్ని చెప్పడం కళ కాదు. అలాగైతే శాస్త్రం కోరిక తీరినంత మేరకు చిత్రం కళకు దూరమవ్వాలి.

ఆచరణలో అలా జరగలేదు. చిత్రకారుని ముందు ఉన్నది జాతి కాదు, ఆ రోజు కోసి తెచ్చిన కొమ్మ. ఎండకు అది గంటల్లో వాడుతుంది. ఆ కొమ్మలోనుండే ఆయన జాతిని గీయాలి. అందుకని ఒక ఆకును అడుగుభాగం కనిపించేలా మడత వేస్తాడు. ఒక మొగ్గను పూర్తిగా రంగులతో తీర్చి, పక్కదానిని వెనక్కి తగ్గిస్తాడు. కొన్ని ఫలకాలలో కొన్ని ఆకులకే రంగు వేసి తక్కినవాటిని వట్టి రేఖలుగా విడుస్తాడు. ఈ విడిచిన రేఖ చాలా ముఖ్యమైనది. అన్నిటికీ రంగు వేయడం అనవసరమని, ఇంత చూపితే తక్కినది చూసేవాడు పూరించుకుంటాడని ఆ రేఖ చెబుతుంది. ఒకదాన్ని వాచ్యం చేసి మరొకదాన్ని సూచ్యంగా ఉంచే పని కవికి ఎంత తెలుసో ఈ చిత్రకారునికీ అంత తెలుసు.

మడత వేసిన ఆకునే తీసుకుంటే, అది ‘ఆకు అడుగున ఈనెలు ఇలా ఉంటాయి’ అన్న సామాన్య సమాచారం ఇవ్వడానికి పుట్టింది. అయినా ఆ మడత ఒక్కచోటే, ఒక్క తీరుగానే పడింది. సమాచారం ఇవ్వడానికి ఆ మడత ఉంటే చాలు. అది కొమ్మ బరువుకు, గుత్తి వంపుకు అనుకూలంగా పడనవసరం లేదు. మంచి ఫలకాలలో అది అనుకూలంగా పడింది. ఈ మిగులు దగ్గరే వార్త స్వభావోక్తి అవుతుంది. యథావద్వర్ణన ఒక్కటే చాలదని, అది చారువుగా కూడా ఉండాలని ఆలంకారికులు పెట్టిన నియమానికి అర్థం ఇక్కడ తెలుస్తుంది. కుంతకుని ఆక్షేపణకూ ఇక్కడే సమాధానం ఉంది. చిత్రంలోని అలంకారం మోదుగ స్వభావం కాదు, ఆ స్వభావాన్ని బయటపెట్టడానికి చేసిన ఎంపిక.

ఈ కొలతబద్ద అన్ని ఫలకాలకూ అనుకూలంగా తీర్పు చెప్పదు. వేలకొద్దీ చిత్రాలు వేగంగా తయారైన సంపుటాలలో వార్తగానే మిగిలిపోయినవి ఉండక తప్పదు. కొమ్మ కాగితం నిండా పరచుకుని, భాగాలు లెక్కకు హాజరై, అంతటితో ముగిసే చిత్రాలవి. పైగా లండనులో చెక్కి, అచ్చువేసి, చేతితో రంగులద్దిన ప్రతికీ మూలచిత్రానికీ మధ్య మరో రెండు చేతులున్నాయి. రంగయ్య చిత్రం రాతి అచ్చులో కేవలం రేఖగా మారినప్పుడు రంగు మొత్తం పోయింది. కాబట్టి అచ్చు ఫలకాన్ని చూసి మూలచిత్రకారుని శక్తిని అంచనా వేయడం అనువాదాన్ని చూసి మూలకవిని అంచనా వేయడం వంటిదే.

చిరివేరు: పువ్వు విలువ ఎవరికి?

ఈ చిత్రాలను కేవలం సౌందర్యదృష్టితో చూస్తే సగం సత్యం మరుగున పడుతుంది. కోరమాండల్ గ్రంథం మొదటి సంపుటంలోనే చిరివేరు మొక్క ఉంది. దీని శాస్త్రనామం ఓల్డెన్‌లాండియా అంబెల్లాటా. ఇది నేలబారు మొక్క. తెల్లని చిన్న పూలు పూస్తుంది. ప్రబంధకవి దీని వైపు చూడలేదు. కంపెనీ వైద్యుడు చూశాడు. ఎందుకంటే దీని వేరులో ఎర్రరంగు ఉంది. మచిలీపట్నం ప్రాంతపు అద్దకం బట్టలలోని ఎరుపు ఈ వేరునుండి వచ్చిందే. ఆ బట్టలు శతాబ్దాల తరబడి సముద్రాలు దాటి వెళ్ళాయి. రాక్స్‌బర్గ్ ఈ మొక్కను వర్ణించడంతో ఆగకుండా దానితో రంగు వేసే విధానాన్నీ నమోదు చేశాడు.

కలంకారీ పనివాడు చిరివేరు ఎరుపుతో బట్టమీద కల్పిత పుష్పాలను వేశాడు. ఆ పూలకు శాస్త్రనామం ఉండదు, ఏ చెట్టుకూ అవి పూయవు. అదే తీరంలో మరొక చిత్రకారుడు కాగితం మీద చిరివేరు మొక్కనే వేశాడు. మొదటివాని చేతిలో మొక్క రంగుగా మారి పువ్వును కల్పించింది. రెండోవాని చేతిలో ఆ రంగుకు మూలమైన మొక్కే చిత్రవస్తువైంది. ఈ రెండో చిత్రం కంపెనీకి ఎందుకు కావలసివచ్చింది అన్న ప్రశ్నకు సమాధానం వాణిజ్యంలో ఉంది. రంగు రహస్యం పనివాని చేతినుండి పుస్తకంలోకి మారింది. రాబర్ట్ వైట్ కూడా 1840లలో కోయంబత్తూరులో అమెరికా ప్రత్తిని పండించే ప్రయోగాలకు బాధ్యత వహించాడు. పువ్వును చూడడం, పంటను లెక్కించడం ఒకే ఉద్యోగంలో భాగాలు.

పుష్పవిలాపంలోని అభియోగం ఈ చిత్రాల మీద రెండింతలుగా పడుతుంది. ఇక్కడ పువ్వును కోయడమే కాక విప్పి, కేసరాలను, రేకులను వేరుచేసి పక్కపక్కన పేర్చారు. అయితే పూజకో సింగారానికో కోసినవాడు పువ్వును చూడవలసిన అవసరం లేదు. చిత్రకారుడు గంటల తరబడి దాన్నే చూశాడు. ఈ చూపు కోతను మాఫీ చేస్తుందని చెప్పలేము. కాని ఆ కోతకు మిగిలిన ఏకైక ప్రతిఫలం ఈ చూపే. చిత్రం వెనుక ఉన్న అధికారాన్ని విమర్శించేటప్పుడు చిత్రంలో ఉన్న శ్రద్ధను కూడా అధికారం ఖాతాలో వేయకుండా జాగ్రత్తపడాలి. ఆ శ్రద్ధ జీతానికి పనిచేసిన చిత్రకారునిది.

నిలిచిన పేర్లు, జారిన పేర్లు

రాక్స్‌బర్గ్ తన వర్ణనలలో అనేక మొక్కలకు ‘తెలింగుల’ భాషలోని పేర్లు ఇచ్చాడు. మోదుగ, తీగమోదుగ, ముష్టి, ఇందుప, బిల్లు, సోమిద వంటి పేర్లు ఇలా రోమను లిపిలోకి ఎక్కాయి. వీటిలో సోమిదకు విశేషమైన గతి పట్టింది. జ్వరానికి వాడే బెరడు గల ఈ చెట్టును రాక్స్‌బర్గ్ స్వీటీనియా ప్రజాతిలో చేర్చగా, 1830లో ఆడ్రియెన్ ద జూస్యూ దాన్ని వేరుచేసి ‘సోయ్మిడా’ అన్న కొత్త ప్రజాతిని ఏర్పరచాడు. ఒక తెలుగు చెట్టు పేరు నేటికీ ప్రపంచ వృక్షశాస్త్రంలో చెల్లుబాటులో ఉంది. సి. పి. బ్రౌన్ 1852 నాటి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో మొక్కల పేర్ల దగ్గర రాక్స్‌బర్గ్ ఆధారం పలుమార్లు కనిపిస్తుంది. అంటే తెలుగు నిఘంటువులోని ఎన్నో ఆరోపాల వెనుక, శాస్త్రవర్ణనతోపాటు, ఒక చిత్రకారుని నీటిరంగు పుట కూడా ఉంది. తెలుగు కోశరచన చరిత్రలో ఈ లంకె పరిశీలనకు తగినది.

మొక్క పేరు నమోదు చేసిన పుస్తకంలో ఆ మొక్కను గీసినవాని పేరు నమోదు కాలేదు. సామర్లకోట చిత్రకారులు కోరమాండల్ గ్రంథంలో అనామకులు. వైట్ కాలానికి ఈ స్థితి కొంత మారింది. ఆయన గ్రంథాల ఫలకాలపై రంగయ్య, గోవిందు పేర్లు కనబడతాయి. ఆ పేర్ల రూపాన్ని భాషాదృష్టితో గమనించాలి. రోమను లిపిలో ‘రుంగియా’, ‘గోవిందూ’ వంటి వర్ణక్రమాలతో ఉన్నా, ‘అయ్య’ చేరిన రంగయ్య, ఉకారాంతమైన గోవిందు అన్నవి తెలుగు వాడుకకు చెందిన రూపాలు. తమిళ వాడుకలో ఆ రెండో పేరు గోవిందన్ అయ్యేది. తమిళ ప్రాంతాలలో జరిగిన కృషిలోనూ తెలుగు పేర్లు ఇలా ముద్ర వేశాయి.

వైట్ మరో అడుగు ముందుకు వేశాడు. 1853లో ఒక ఆర్కిడ్ ప్రజాతికి ‘గోవిందూయియా’ అని పేరు పెట్టి తన చిత్రకారుని గౌరవించాడు. ప్రభువులకు, పండితులకు దక్కే మర్యాద ఒక భారతీయ చిత్రకారునికి దక్కడం ఆ కాలానికి అరుదైన విషయం. కాని ఆ ప్రజాతి అంతకుముందే పేరుపొందిన ‘ట్రోపిడియా’లో భాగమని తేలింది. శాస్త్రనియమం ప్రకారం ముందుపేరే నిలుస్తుంది. గోవిందు పేరు పర్యాయనామాల జాబితాలోకి జారిపోయింది. సోమిద నిలిచింది, గోవిందు జారాడు. ఇందులో ఎవరి కుట్రా లేదు, నియమం తన పని తాను చేసింది. అయినా ఒక చిత్రకారుని గుర్తింపు మరొకరి శాస్త్రంలోని ఒక పేరు మీద మాత్రమే ఆధారపడితే ఎంత బలహీనంగా ఉంటుందో దీనివల్ల తెలుస్తుంది. గోవిందుకు నిలకడైన గుర్తింపు ఆయన చిత్రాలను చిత్రాలుగా చదివినప్పుడే వస్తుంది. ఆ పని వృక్షశాస్త్రానిది కాదు, విమర్శది.

ముగింపు

కోరమాండల్ పుష్పచిత్రాలు యూరపు అర్థంలో నిశ్చల చిత్రాలు కావు. వాటిలో పాత్ర, బల్ల, నీడ, అనిత్యతా సూచన లేవు. వట్టి శాస్త్రపత్రాలూ కావు. ఋతువులను ఒక పుటలో చేర్చడంలో, రంగు వేయక విడిచిన రేఖలో, ఆకు మడతలో చిత్రకారుని వివేకం పనిచేసింది. స్వభావోక్తి అలంకారమా కాదా అని ఆలంకారికులు జరిపిన వాదానికి ఈ చిత్రాలు దృశ్యరూపంలో ఒక నిదర్శనం. ఉన్నదాన్ని ఉన్నట్లు చూపడం తేలిక పని అనుకునేవారికి ఇవి సమాధానం చెబుతాయి.

తెలుగు సాహిత్య పరిశోధనకు వీటివల్ల రెండు ప్రయోజనాలు కనబడుతున్నాయి. మొదటిది, ప్రబంధాలలోని పుష్పవర్ణనలను ఈ చిత్రాల పక్కన పెట్టి చదివితే ఉత్ప్రేక్ష వస్తువులోని ఏ లక్షణాన్ని ఆధారం చేసుకుని లేచిందో స్పష్టమవుతుంది. మోదుగ దోనె వంపును చూసిన తరువాత కింశుక శబ్దం మరింత బాగా అర్థమవుతుంది. రెండోది, ఈ గ్రంథాలలో రోమను లిపిలో ఉన్న తెలుగు మొక్కల పేర్లను తెలుగు లిపిలోకి తెచ్చి, నేటి మాండలిక రూపాలతో పోల్చి, చిత్రంతో సహా కూర్చితే ఒక సచిత్ర వృక్షనామకోశానికి పునాది ఏర్పడుతుంది. ఈ పనికి తెలుగు శాఖలు, వృక్షశాస్త్ర శాఖలు కలిసి పూనుకోవలసి ఉంటుంది.

మోదుగ నేటికీ మాఘ ఫాల్గుణాలలో ఆకు రాల్చి పూస్తూనే ఉంది. దాన్ని విరహాగ్నిగా చూసిన కవి పేరు తెలుగు విద్యార్థికి తెలుసు. బ్యూటియా అని పేరు పెట్టిన శాస్త్రజ్ఞుని పేరు గ్రంథాలలో ఉంది. దాన్ని మోదుగగానే చూసి కాగితం మీద నిలిపిన సామర్లకోట చిత్రకారుని పేరు ఎక్కడా లేదు. పేరు తెలియకపోయినా ఆయన గీసిన గీత ఉంది. ఆ గీతను చదవడానికి అవసరమైన పరిభాష అలంకారశాస్త్రంలో ఎప్పటినుండో ఉన్నదే.